ఇంక్‌జెట్ ముద్రణ: సిరా చుక్కను అదుపులోకి తెచ్చిన ఆవిష్కరణలు

సిరాను సన్నని నాజిల్ గుండా చుక్కలుగా చిమ్మి, ఏ అచ్చూ కాగితాన్ని తాకకుండానే అక్షరాన్నీ బొమ్మనీ దించే పద్ధతి ఇంక్‌జెట్ ముద్రణ. సీసపు అచ్చులోనైనా, లిథో రాతి మీదైనా, ఆఫ్‌సెట్ ప్లేటులోనైనా, టైపురైటర్ మీటలోనైనా ముద్రించాల్సిన రూపం ముందుగా ఒక గట్టి వస్తువు మీద సిద్ధంగా ఉండాలి. ఇంక్‌జెట్‌కు ఆ అవసరం లేదు. ఏ క్షణాన ఏ నాజిల్ నుంచి చుక్క పడాలో చెప్పే విద్యుత్ సంకేతమే దానికి అచ్చు. అందుకే ఒక ప్రతికీ తరువాతి ప్రతికీ పోలికే లేకపోయినా యంత్రానికి అదనపు శ్రమ ఉండదు. ఇంట్లో బల్ల మీది ప్రింటర్, మంచినీళ్ల సీసా మీద తేదీ వేసే యంత్రం, కూడళ్లలో కట్టే ఫ్లెక్సీలను అచ్చువేసే భారీ యంత్రం అన్నీ ఈ కుదురులోవే. ఈ సాంకేతికత పుట్టుక గురించి తరచుగా చెప్పుకునే కథలు రెండున్నాయి. ఒకటి, జపాన్‌లో వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున సిరా సిరంజికి తగలడం. రెండోది, అమెరికాలో కాఫీ కాచే పాత్రను చూసి ఒక ఇంజనీరుకు ఆలోచన తట్టడం. రెండూ ముచ్చటైన కథలే, కానీ అసలు సంగతిని కప్పేస్తాయి. ద్రవం చుక్కలుగా విడిపోవడం ప్రకృతి తనంతట తాను చేసే పని. మనుషులు కనిపెట్టవలసి వచ్చింది దాని మీద అదుపును. చుక్క అనుకున్న క్షణానికి, అనుకున్న చోట, అనుకున్నంత పరిమాణంలో పడేలా చేయడానికి దాదాపు వందేళ్లు పట్టింది. ఆ వందేళ్ల చరిత్రే ఇంక్‌జెట్ చరిత్ర.

చుక్క ఎలా పుడుతుందన్న ప్రశ్నకు 19వ శతాబ్దంలోనే సమాధానం దొరికింది. ఫ్రాన్స్‌లో ఫెలిక్స్ సావార్ 1833లో నీటిధారలను పరిశీలించి, అవి కొంత దూరం పోయాక చుక్కలుగా తెగిపోతాయనీ, దగ్గర్లోని శబ్ద ప్రకంపనలు ఆ తెగడాన్ని ప్రభావితం చేస్తాయనీ గమనించాడు. బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో దీనికి తలతన్యత కారణమని చూపాడు. ద్రవపు స్తంభం పొడవు దాని చుట్టుకొలతను మించితే అది నిలవలేదు, చుక్కలుగా మారితే ఉపరితల వైశాల్యం తగ్గుతుంది కాబట్టి అటే మొగ్గుతుంది. 1878లో లార్డ్ రేలీ లెక్క పూర్తిచేశాడు. ధార మీద పుట్టే అలల్లో, ధార వ్యాసానికి సుమారు నాలుగున్నర రెట్లు పొడవున్న అల అన్నిటికంటే వేగంగా పెరుగుతుందని తేల్చాడు. అంటే ఆ అలకు సరిపోయే లయలో నాజిల్‌ను కంపింపజేస్తే చుక్కలన్నీ ఒకే పరిమాణంలో, ఒకే ఎడంలో వరుసగా వస్తాయి. ఆధునిక ఇంక్‌జెట్ యంత్రాల్లో ఒక పెద్ద శాఖ ఇప్పటికీ ఈ సూత్రం మీదే నడుస్తోంది. కానీ రేలీ లెక్క వచ్చాక ఎనిమిది దశాబ్దాలకు పైగా చుక్కలతో అచ్చువేసే యంత్రం రాలేదు. శాస్త్రం చేతిలో ఉన్నా యంత్రం రాకపోవడానికి కారణమేమిటన్నదే ఇక్కడి ముఖ్యమైన ప్రశ్న.

తొలి ప్రయత్నాలు చుక్క జోలికి పోకుండా ధారనే వాడుకున్నాయి. అవి పుట్టింది ముద్రణ కోసం కాదు, కొలతల కోసం. అట్లాంటిక్ అడుగున వేసిన టెలిగ్రాఫ్ కేబుల్ గుండా వచ్చే సంకేతం ఎంత బలహీనమంటే, కలాన్ని కాగితానికి రాసి లాగేంత శక్తి కూడా దానికి ఉండేది కాదు. విలియం థామ్సన్, అంటే తరువాతి లార్డ్ కెల్విన్, 1867లో పేటెంట్ పొందిన సైఫన్ రికార్డర్‌లో ఈ చిక్కు తొలగించాడు. సన్నని గాజు గొట్టంలోని సిరాకు విద్యుదావేశం ఇచ్చి, గొట్టం కాగితాన్ని తాకకుండానే సిరా దాని మీదికి చిమ్మేలా చేశాడు. ఇదే అవసరం స్వీడన్‌లో మళ్లీ తలెత్తింది. గుండె స్పందనల వంటి వేగవంతమైన సంకేతాలను నమోదు చేయడానికి కలం బరువు అడ్డం వస్తుంటే, రూనే ఎల్మ్‌క్విస్ట్ కలాన్ని తీసేసి, గాల్వనామీటరుకు తగిలించిన సన్నని గాజు నాజిల్ నుంచి సిరాధారను కాగితం మీదికి వదిలాడు. 1951లో పేటెంట్ అందింది, ఆ సూత్రంతో మింగోగ్రాఫ్ అనే యంత్రం అమ్మకానికి వచ్చింది. ఈ ఎల్మ్‌క్విస్టే 1958లో శరీరంలో అమర్చిన తొలి పేస్‌మేకర్‌ను తయారుచేసిన మనిషి. అయితే కెల్విన్, ఎల్మ్‌క్విస్ట్ ఇద్దరి యంత్రాల్లోనూ సిరా ఆగకుండా గీత గీస్తూనే పోతుంది. ఎక్కడ ఆపాలో, ఎక్కడ మళ్లీ మొదలుపెట్టాలో దానికి తెలియదు. అక్షరం రాయడానికి గీత చాలదు, ఖాళీ కూడా కావాలి.

ఆ ఖాళీని తెచ్చినవాడు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ స్వీట్. 1960ల మొదట్లో ఆయన కూడా వేగంగా మారే సంకేతాలను కాగితం మీదికి ఎక్కించే పరికరం కోసమే వెతుకుతున్నాడు. రేలీ సూత్రం ప్రకారం నాజిల్‌ను క్రమబద్ధంగా కంపింపజేసి, ధార సెకనుకు లక్ష స్థాయిలో సమానమైన చుక్కలుగా తెగేలా చేశాడు. ధార చుక్కగా తెగే చోటే ఒక ఎలక్ట్రోడ్ ఉంచాడు. విద్యుద్వాహకమైన సిరాలో ఆ క్షణాన ఉన్న వోల్టేజికి తగినంత ఆవేశం పుడుతుంది. చుక్క తెగిపోగానే ఆ ఆవేశం చుక్కలోనే చిక్కుకుపోతుంది. తరువాత అధిక వోల్టేజి పలకల మధ్య నుంచి పోయేటప్పుడు ప్రతి చుక్కా తన ఆవేశాన్ని బట్టి ఒంగి తన చోటికి చేరుతుంది. అక్కరలేని చుక్కలు కాగితం దాకా రాకుండా ఒక దోనెలో పడి తిరిగి సిరా తొట్టికి పోతాయి. స్వీట్ 1965లో దీని మీద పరిశోధన పత్రం ప్రచురించాడు, 1971లో పేటెంట్ అందింది. చుక్క వేగం, పరిమాణం, సంఖ్య యంత్రపు లయ నిర్ణయిస్తే, ఏ చుక్క ఎటు పోవాలన్నది సంకేతం నిర్ణయిస్తుంది. ప్రతి చుక్కకూ విడిగా చిరునామా ఇచ్చిన తొలి ఏర్పాటు ఇదే. దీని తరువాతే ఇంక్‌జెట్‌ను నమోదు పరికరం అనడం మాని ముద్రణ యంత్రం అనగలిగారు. ఏ. బి. డిక్ కంపెనీ 1968లో వీడియోజెట్ 9600 పేరుతో ఈ పద్ధతిని మార్కెట్లోకి తెచ్చింది. 1976లో ఐబీఎం ఆఫీసు వర్డ్ ప్రాసెసింగ్‌కు ఇలాంటి ప్రింటర్‌నే విడుదల చేసింది. స్వీడన్‌లోని లుండ్‌లో కార్ల్ హెల్ముత్ హెర్ట్జ్ చుక్కల సంఖ్యను మార్చి రంగు గాఢతను మార్చే మరో దారి పట్టాడు. ఆ దారిలోనే ఐరిస్ ప్రింటర్లు వచ్చి, 1990ల్లో కళాచిత్రాల ప్రతులకు పేరు తెచ్చుకున్నాయి. హృదయాన్ని అల్ట్రాసౌండ్‌తో చూడటం మొదలుపెట్టిన ఇద్దరిలో హెర్ట్జ్ ఒకడన్నది గుర్తుంచుకోవాల్సిన సంగతి. ఇంక్‌జెట్ చరిత్రలో గుండె వైద్యం ఇలా రెండుసార్లు తారసపడుతుంది.

స్వీట్ పద్ధతి ఆఫీసుల్లో నిలవలేదు. ఎప్పుడూ తిరుగుతుండే సిరా, పంపులు, వడపోతలు, అధిక వోల్టేజి కలిసి యంత్రాన్ని ఖరీదుగా, చిందరవందరగా మార్చాయి. కానీ ఫ్యాక్టరీల్లో అదే పద్ధతి పాతుకుపోయింది. కన్వేయర్ మీద పరుగెత్తే సీసానో డబ్బానో ఆగదు, తాకనివ్వదు, ఉపరితలం వంకరగా ఉంటుంది. దానిమీద కొంత దూరం నుంచి, త్వరగా ఆరే సాల్వెంట్ సిరాతో, ప్రతిసారీ మారే బ్యాచ్ నంబరు వేయాలి. ఈ పనికి ఎగిరే చుక్కను మించింది లేదు. మన దేశంలో ప్యాకెట్ సరుకుల మీద తయారీ నెల, గరిష్ఠ చిల్లర ధర ముద్రించడం చట్టప్రకారం తప్పనిసరి. కిరాణా కొట్టులో చుక్కలు చుక్కలుగా కనిపించే ఆ అంకెల్లో చాలావరకు స్వీట్ సూత్రం వేసినవే. ఇళ్లలో ఇంక్‌జెట్ వాడకం తగ్గిందన్నా పెరిగిందన్నా, ఈ శాఖ మాత్రం ఎవరి కంటా పడకుండా రోజూ లెక్కలేనన్ని వస్తువుల మీద సంతకం పెడుతూనే ఉంది.

అవసరమైనప్పుడే చుక్కను పుట్టించాలన్న రెండో ఆలోచన యంత్రాన్ని సరళం చేసింది గానీ సమస్యను జటిలం చేసింది. ఎడతెగని ధారలో చుక్క దానంతటదే తెగుతుంది. ఇక్కడ ప్రతి చుక్కనూ విడిగా తోసి, తోకలు, చిల్లర చుక్కలు రాకుండా తెంచి, నాజిల్‌ను మళ్లీ నింపి, ఇదంతా సెకనులో వెయ్యోవంతు కంటే తక్కువ కాలంలో ముగించాలి. వోల్టేజి ఇస్తే ఆకారం మారే పీజో పదార్థం దీనికి మొదటి సాధనమైంది. 1972లో పేటెంట్ అందుకున్న స్టీవెన్ జోల్టన్ సిరా ఉన్న గొట్టాన్ని చుట్టూ పీజో తొడుగుతో పిండాడు. మరుసటి ఏడాది స్వీడన్ ఇంజనీరు స్టెమ్మె ఒక పీజో పలకను వంచి సిరా గదిని నొక్కే పద్ధతికి పేటెంట్ పొందాడు. 1976లో కైజర్, సియర్స్ అనే ఇద్దరు అమెరికన్లు అదే దారిలో మరో రూపం ఇచ్చారు. సీమెన్స్ 1977లో తెచ్చిన పీటీ-80 ఈ రకంలో అమ్మకానికి వచ్చిన తొలి ప్రింటర్. పీజో ప్రభావాన్ని క్యూరీ సోదరులు 1880లోనే కనుగొన్నారు. అయినా దానితో సిరా చుక్కను తోయాలంటే సీసం, జిర్కోనియం, టైటానియం కలిసిన బలమైన పీజో సిరామిక్ రావాలి, దాన్ని సన్నగా కోయడం రావాలి, మైక్రాన్‌లో భాగమంత కదలికను నమ్మకంగా నడిపే ఎలక్ట్రానిక్స్ రావాలి. ఇక్కడా శాస్త్రం ముందు వచ్చింది, అదుపు తరువాత వచ్చింది.

ఇప్పుడు ఆ రెండు కథల దగ్గరికి రావచ్చు. కానన్ కంపెనీలో 1977లో ఇచిరో ఎండో బృందం పనిచేస్తుండగా వేడి సోల్డరింగ్ ఐరన్ సిరంజి సూదికి తగిలి, సూది కొన నుంచి సిరా చిమ్మింది. ఆ ఏడాదే పేటెంట్ దరఖాస్తు వెళ్లింది. 1978 చివర్లో హ్యూలెట్ ప్యాకార్డ్ ప్రయోగశాలలో జాన్ వాట్, డేవ్ డోనాల్డ్ వేడితో సిరాను తోసే ఆలోచన మీద పని మొదలుపెట్టారు. దీన్నే కాఫీ పాత్ర కథగా చెబుతుంటారు. ఈ పద్ధతిలో నాజిల్ వెనక ఒక సూక్ష్మ హీటర్ ఉంటుంది. కొన్ని మైక్రోసెకన్ల పాటు కరెంటు పోగానే దాన్ని ఆనుకున్న సిరా పలచటి పొర 300 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు వేడెక్కి ఒక్కసారిగా ఆవిరి బుడగ అవుతుంది. బుడగ ఉబ్బి ముందున్న సిరాను చుక్కగా నెడుతుంది, వెంటనే కుంగిపోతుంది, ఖాళీలోకి కొత్త సిరా వస్తుంది. మిగిలిన సిరాకు ఆ వేడి సోకే వ్యవధి కూడా ఉండదు. ఆలోచన అందంగా ఉంది. కానీ ఇది 1977లో పుట్టిందని అనుకుంటే పొరపాటు. స్పెర్రీ రాండ్ కంపెనీకి చెందిన మార్క్ నైమన్ ఆవిరితో సిరాను తోసే ప్రింటర్‌కు 1962లోనే దరఖాస్తు చేశాడు, 1965లో పేటెంట్ కూడా చేతికొచ్చింది. దాని నుంచి అమ్మకానికి పనికొచ్చే యంత్రమేదీ రాలేదు. చుక్క పుట్టించే కిటుకే ఆవిష్కరణ అయితే నైమన్ కాలంలోనే ఇంక్‌జెట్ ఇళ్లకు చేరాలి.

ఆ పదిహేనేళ్లలో ఏమి మారిందో చూస్తే జవాబు దొరుకుతుంది. కోట్లసార్లు వేడెక్కి చల్లారినా చెడని సన్నని హీటర్ పొరలను సిలికాన్ మీద అచ్చంగా చిప్‌ల పద్ధతిలోనే పరచడం సాధ్యమైంది. బుడగ కుంగేటప్పుడు హీటర్‌ను సుత్తిలా కొట్టే దెబ్బ తట్టుకోవడానికి టాంటలమ్ పూత దొరికింది. అంతకంటే ముఖ్యంగా, చుక్కకు ఆజ్ఞ ఇచ్చే జ్ఞాపకశక్తి చవకైంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఏ4 కాగితం నిండా లెక్కవేస్తే దాదాపు 87 లక్షల స్థానాలు వస్తాయి. ఒక్కోచోట చుక్క ఉందా లేదా అన్నది మాత్రమే గుర్తుంచుకోవాలన్నా ఒక మెగాబైటు పైన కావాలి. 1965లో ఏ ఆఫీసు బల్ల మీదా అంత మెమరీ లేదు. కొంచెం కొంచెంగా పంపుదామన్నా చవకైన మైక్రోప్రాసెసర్ లేదు. మహాసముద్రానికి ఇరువైపులా రెండు కంపెనీలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఏడాదిన్నర లోపు ఒకే ఉపాయానికి చేరడం కాకతాళీయం అనలేం. నేల తడిసింది కాబట్టి రెండుచోట్లా మొలకెత్తింది. అయితే కాలమే అన్నీ చేస్తుంది, మనుషులతో పనిలేదు అనడం కూడా అతి అవుతుంది. పీజో మార్గంలో పెద్ద కంపెనీలు పనిచేస్తుండగా ఎండో, వాట్ ఆ దారి వదిలి ఆవిరిని నమ్మడానికి తెగువ కావాలి. సిరాను మరిగిస్తే మాడిపోదా అన్న ఇంగితం అప్పుడు వాళ్లకు ఎదురుగా ఉంది. ప్రమాదవశాత్తు చిమ్మిన సిరాను చాలామంది తుడిచేసుకునేవారు. దాన్ని ఏం చేయాలో తెలిసినవాళ్ల గదిలో అది చిమ్మింది, అంతే.

ఆవిరి పద్ధతిలో నిజంగా నిర్ణయాత్మకమైన ఆవిష్కరణ బుడగ కాదని, పారేసే కార్ట్రిడ్జ్ అని చెప్పడానికి గట్టి ఆధారమే ఉంది. ఇంక్‌జెట్‌కు పుట్టుశత్రువు ఎండిపోవడం. వాడకుండా నాలుగు రోజులు వదిలేస్తే నాజిల్ మూసుకుపోతుంది. హ్యూలెట్ ప్యాకార్డ్ 1984లో విడుదల చేసిన థింక్‌జెట్‌లో 12 నాజిళ్లున్న తల, సిరా సంచి ఒకే ముక్కగా ఉండేవి. సిరా అయిపోగానే తలతో సహా పారేయాలి. తల ఎప్పటికీ పాడవకూడదన్న షరతు పోయి, సిరా ఉన్నంతకాలం పాడవకపోతే చాలన్న షరతు మిగిలింది. దాని ధర 495 డాలర్లు. అదే ఏడాది అదే కంపెనీ తెచ్చిన లేజర్‌జెట్ ధర 3,495 డాలర్లు. థింక్‌జెట్‌కు ప్రత్యేకమైన కాగితం కావలసి వచ్చింది. 1988లో వచ్చిన డెస్క్‌జెట్ మామూలు కాగితం మీద అంగుళానికి 300 చుక్కలు వేయగలిగింది. కానన్ బీజే-80 వాటి మధ్య 1985లో వచ్చింది. పారేసే కార్ట్రిడ్జే నిర్ణయాత్మకమన్న మాటకు ఎదురుగా ఒక బలమైన ఉదాహరణ చూపవచ్చు. ఎప్సన్ 1993 నుంచి పీజో తలను యంత్రంలోనే శాశ్వతంగా బిగించి అమ్మింది, మరుసటి ఏడాది అంగుళానికి 720 చుక్కల రంగుల ప్రింటర్‌తో ఫొటో ముద్రణను ఇంటికి తెచ్చింది. పారేసే తల లేకుండానే నెగ్గింది కదా అంటే, నెగ్గింది. కానీ మూసుకుపోవడమనే సమస్యను దాటలేదు, వేరే చోటికి జరిపింది. మూత పెట్టి ఉంచడం, ఆన్ చేసినప్పుడల్లా కొంత సిరాను పీల్చి అడుగున స్పాంజిలోకి పారబోయడం వంటి ఏర్పాట్లు దానికి అవసరమయ్యాయి. కొన్న సిరాలో ఒక భాగం కాగితం మొహం చూడకుండానే పోయేది అందుకే.

ఇంజనీరింగ్ అవసరంగా పుట్టిన ఈ కార్ట్రిడ్జ్ త్వరలోనే వ్యాపార సూత్రమైంది. యంత్రాన్ని చవకగా ఇచ్చి సిరా మీద లాభం గుంజడం, ఇతరుల సిరాను గుర్తుపట్టి మొరాయించే చిప్‌లు అమర్చడం, రీఫిల్ చేసేవారిని కోర్టుకు లాగడం ఇవన్నీ దాని సంతానమే. వాడేసిన కార్ట్రిడ్జ్‌లో సిరా నింపి అమ్మడం పేటెంట్ ఉల్లంఘనేనని జపాన్ సుప్రీంకోర్టు 2007లో కానన్ పక్షాన తీర్పు ఇచ్చింది. పరిశోధనకు పెట్టిన ఖర్చు సిరా ధరలోంచే రావాలన్నది కంపెనీల వాదన. కొంతవరకు నిజమే. నాజిల్‌కు, హీటర్‌కు సరిపడే సిరా తయారీ సామాన్యమైన రసాయనం కాదు. అయినా ఆ వాదన ఎంతవరకు చెల్లుతుందో మార్కెట్టే చూపింది. ఇండోనేషియా వంటి దేశాల్లో వీధి దుకాణాలు ప్రింటర్ పక్కన సీసాలు తగిలించి గొట్టాలతో సిరా ఎక్కించడం మొదలుపెట్టాక, 2010లో ఎప్సన్ స్వయంగా అక్కడే ట్యాంకు ప్రింటర్లను విడుదల చేసింది. ఇప్పుడు మన ఊళ్లలోని జిరాక్స్ కొట్లలోనూ కనిపించేవి ఎక్కువగా అవే. వినియోగదారుల మొండితనం కంపెనీ రూపకల్పనను మార్చిన అరుదైన ఘటన ఇది.

అదుపే ఆవిష్కరణ అన్న వాదనకు రసాయన శాస్త్రం వైపు నుంచి ఒక ఆక్షేపణ వస్తుంది. చుక్క సరైన చోట పడ్డంత మాత్రాన అచ్చు కాదు, పడ్డాక అది కాగితపు పోగుల్లోకి ఈకల్లా పాకితే అక్షరం చెదురుతుంది, వెలుతురుకు రంగు వెలిసిపోతుంది. ఆక్షేపణ సబబైనదే. పీకోలీటరు పరిమాణమున్న చుక్క వ్యాసం పన్నెండు మైక్రాన్లు, వెంట్రుక కంటే ఎంతో సన్నం. అంత చిన్న చుక్క సెకనుకు అయిదారు మీటర్ల వేగంతో వచ్చి తాకాక ఏమవుతుందన్నది సిరా స్నిగ్ధత, తలతన్యత, కాగితపు పూత కలిసి తేలుస్తాయి. నీటిలో కరిగే డైల స్థానంలో సూక్ష్మ రేణువుల పిగ్మెంట్ సిరాలు, పాకనివ్వని పూతల కాగితాలు రావడం వల్లే ఫొటో ముద్రణ నిలబడింది. ఆరిపోయే చుక్క తన రేణువులను అంచుకు నెట్టి వలయం మిగల్చడం ఎందుకో చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 1997లో వివరించారు. సర్క్యూట్లను అచ్చువేయాలనుకునే వారికి ఆ వలయం ఇప్పటికీ తలనొప్పే. కానీ ఇదంతా అదుపును కాగితం దాకా పొడిగించడమే. గాలిలో విద్యుత్ చేసిన పనిని నేల మీద రసాయనం కొనసాగిస్తోంది.

చుక్క అదుపులోకి వచ్చాక అందులో సిరానే ఉండాలన్న నియమం లేకుండా పోయింది. మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఇమాన్యుయెల్ సాక్స్ బృందం 1989లో దరఖాస్తు చేసిన పేటెంట్‌లో పొడి పొరల మీద జిగురు చుక్కలు వేసి వస్తువులను నిర్మించే పద్ధతి ఉంది. త్రీడీ ప్రింటింగ్ శాఖల్లో అదొకటి. 1990ల మధ్యలో లీరాయ్ హుడ్ బృందం డీఎన్ఏ అక్షరాలను చుక్కలుగా గాజు మీద వేసి వేల వరుసల పరీక్ష పలకలను తయారుచేసింది. క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో థామస్ బోలాండ్ జీవకణాలను చుక్కల్లో నిలిపి అచ్చువేసే పద్ధతికి 2006లో పేటెంట్ పొందాడు. తెలుగు నేల మీద దీని ప్రభావం ఇంత సున్నితమైంది కాదు. గోడ మీద రాసే పెయింటర్ల పనిని సాల్వెంట్ సిరాతో పీవీసీ గుడ్డ మీద అచ్చువేసే ఫ్లెక్సీ యంత్రాలు దాదాపు మింగేశాయి. ఆ ఫ్లెక్సీల చెత్త సమస్యగా మారి, 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్లెక్సీలపై నిషేధం ప్రకటించేదాకా వచ్చింది. పోచంపల్లి ఇక్కత్‌లో నేతగాడు నూలుకు ముందే రంగులద్ది, మగ్గం మీద పొదిగే డిజైన్‌ను డిజిటల్ ప్రింటర్ నేసిన గుడ్డ మీద పైపైన దించేస్తుంది. దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. అచ్చు లేని ముద్రణ దేన్నయినా అనుకరించగలదు, అది దాని బలం. ఎవరి సొత్తునైనా అనుకరించగలదు, అది దాని చిక్కు.

ఇంత మంది చేతుల మీదుగా వచ్చిన సాంకేతికతకు ఒక్క ఆవిష్కర్తను చూపమంటే చాలామంది ఎండో పేరో వాట్ పేరో చెబుతారు. అమ్మకాల లెక్కలో అది న్యాయమే. కానీ విడి చుక్కను సంకేతానికి లొంగదీయడమే ఇంక్‌జెట్ అయితే, ఆ పనిని మొదట పూర్తిచేసింది రిచర్డ్ స్వీట్. మింగోగ్రాఫ్ కనుమరుగైంది, థింక్‌జెట్ మ్యూజియం వస్తువైంది. పేటెంట్ గడువు ఎప్పుడో తీరిపోయినా, తేదీలు వేసే యంత్రాల్లో స్వీట్ ఏర్పాటు మౌలికంగా మారకుండా ఇవాళ కూడా నడుస్తోంది.